బండి వచ్చేలోగా: గుండె ఆగిన మనిషికి ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని

మీ ఊరికి 108 బండి ఎక్కడి నుంచి వస్తుందో ముందుగా తెలుసుకోండి. మండల కేంద్రంలో ఆగి ఉంటుందా, పక్క మండలం నుంచి రావాలా, మీ వీధి మలుపులో బండి తిరుగుతుందా, దారిలో రైల్వే గేటు ఉందా? వాన పడని మామూలు రోజున ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కేసి, దానికి ఇంకో ఐదు నిమిషాలు కలపండి. ఇక్కడ రాయబోయేదంతా ఆ నిమిషాల గురించే.

నేను చాలా ఏళ్లు 108లో ఈఎంటీగా పనిచేశాను. బండి నడిపే మనిషిని మేము పైలట్ అంటాం, వెనక రోగి పక్కన కూర్చుని వైద్య సాయం చేసేది ఈఎంటీ. మిర్యాలగూడ, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వైపు, సాగర్ ఎడమ కాలువ కింది పల్లెల్లో తిరిగాను. రోడ్లు బాగానే ఉంటాయి. కానీ కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగిలిన సగంలో ట్రాక్టర్లు నడుస్తుంటాయి. సైరన్ ఎంత మోగించినా వడ్ల కుప్ప పక్కకు జరగదు. ఇప్పుడు బండి దిగేశాను. బడుల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో, రైస్ మిల్లు హమాలీలకు ఛాతీ నొక్కడం నేర్పుతున్నాను.

గుండె ఆగిన మనిషికి ఎవరూ ఏమీ చేయకపోతే బతికే అవకాశం నిమిషానికి నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున పడిపోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. బండికి ఇరవై నిమిషాలు పట్టే ఊళ్లో, ఆ ఇరవై నిమిషాలూ ఏడుస్తూ కూర్చుంటే, మేము దిగాక చేయడానికి దాదాపు ఏమీ మిగలదు. అదే ఎవరో ఒకరు ఆపకుండా ఛాతీ నొక్కుతూ ఉంటే, మామూలుగా గుండె పంపే రక్తంలో నాలుగో వంతు, బాగా నొక్కితే మూడో వంతు దాకా ఒంట్లో తిరుగుతుంది. కొంచెమే. కానీ గుండెకు కరెంటు షాక్ ఇచ్చి లయ సరిచేసే డీఫిబ్రిలేటర్ యంత్రం వచ్చే వరకు మెదడును, గుండెను కాపాడేది ఆ కొంచెమే.

డెన్మార్క్‌లో 2001లో ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో నూటికి 21 మందికే పక్కనున్నవాళ్లు ఛాతీ నొక్కేవారు. 2010 నాటికి అది 45కు చేరింది. నెల రోజుల తర్వాత కూడా బతికి ఉన్నవారు నూటికి 3.5 నుంచి 10.8కి పెరిగారు. ఆ మధ్యలో వాళ్లు చేసిన పనుల్లో ముఖ్యమైనవి, బడిలో పిల్లలకు నేర్పడం, డ్రైవింగ్ లైసెన్సు కావాలంటే నేర్చుకుని తీరాలనడం. మన వరంగల్ ప్రాంతంలో ఇలాంటి కేసులను నమోదు చేసి చూసిన వైద్యులకు కనిపించింది వేరు. ఎక్కువమంది ఇంట్లోనే పడిపోయారు, పక్కనున్నవాళ్లు ఛాతీ నొక్కిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేటంత తక్కువ. ఇంట్లోనే అన్న మాట గమనించండి. అక్కడ డాక్టరూ ఉండడు, నేనూ ఉండను. ఉండేది భార్య, కోడలు, పదో తరగతి చదివే మనవరాలు.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం, కడుపులో మంట. మనిషి మాట్లాడుతున్నాడు, కూర్చున్నాడు. ఇది గుండెపోటు కావచ్చు, కానీ గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఇతని ఛాతీ నొక్కకూడదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద పడిపోయిన మనిషికి ఛాతీ నొక్కి కాపాడిన వీడియో ఊరూరా తిరిగింది. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ (ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. మంచిదే. కానీ ఆ తర్వాత ఫోన్లలోకి వచ్చిన కొన్ని వీడియోల్లో, కళ్లు తెరిచి చేత్తో వద్దు వద్దంటున్న మనిషిని కూడా నొక్కేస్తున్నారు. అది నేర్చుకోకండి.

మాట్లాడుతున్న మనిషిని కదలకుండా కూర్చోబెట్టండి, 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తం కారుతున్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించవచ్చు. ఫోన్‌లో ఉన్నవాళ్లను అడిగి ఇవ్వండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర మాత్రం పక్కింటాయన ఇచ్చాడని పెట్టకండి, బీపీ పడిపోయి ఉంటే అదే ముంచుతుంది. గ్యాస్ అనుకుని ఈనో కలిపి తాగించడం, ఆర్ఎంపీ దగ్గర సూది వేయించి పడుకోబెట్టడం, బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోవడం, ఈ మూడింటి వల్ల పోయిన ప్రాణాలను నేను చాలానే చూశాను. ఈసీజీ తీయగల ఆసుపత్రికి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టెమీ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.

ఇక గట్టిగా దగ్గుతూ ఉంటే గుండె మళ్లీ కొట్టుకుంటుందని వాట్సాప్‌లో ఏటా తిరిగే సందేశం ఒకటి ఉంది. గుండె ఆగిన మనిషికి పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. దగ్గడానికి ఎవరుంటారు?

ఎగఊపిరిని చూసి మోసపోకండి

ఆగిందని ఎలా గుర్తుపట్టాలి? భుజాలు రెండూ తట్టి గట్టిగా పిలవండి. పలకలేదు, కదల్లేదు. ఛాతీ, పొట్ట లేస్తున్నాయో లేదో చూడండి. దీనికి పది సెకన్లు మించకూడదు. నాడి కోసం మణికట్టు పట్టుకుని వెతకకండి. అలవాటున్న మాకే ఒక్కోసారి దొరకదు, గాభరాలో మీ వేళ్లకు మీ నాడే తగులుతుంది.

ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. గుండె ఆగిన తర్వాత కూడా కొందరిలో రెండు మూడు నిమిషాలు నోరు తెరుచుకుని, గురక లాంటి శబ్దంతో, ఆగి ఆగి ఊపిరి లాగినట్టు కనిపిస్తుంది. మన పెద్దవాళ్లు దాన్ని ఎగఊపిరి అంటారు. దాన్ని చూసి "ఊపిరి ఉంది, ఊపిరి ఉంది" అని చేతులు కట్టుకుని నిలబడతారు. లేదా ఇక ఆఖరి ఘడియ అని నోట్లో తులసి తీర్థం పోస్తారు. రెండూ వద్దు. మింగలేని మనిషి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. పలకని మనిషి ఆగి ఆగి ఎగఊపిరి తీస్తున్నాడంటే గుండె ఆగిందనే లెక్క, అప్పుడే నొక్కడం మొదలుపెడితే బతికే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి. గుండె ఆగిన క్షణంలో కొందరికి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, కళ్లు తేలేస్తారు. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టి, పళ్ల మధ్య చెంచా దూర్చి కూర్చుంటారు. నిజంగా ఫిట్సే అయినా తాళాలతో, చెంచాతో పనిలేదు. కొట్టుకోవడం ఆగాక ఊపిరి మామూలుగా ఉందా అని చూడండి. లేకపోతే నొక్కండి.

మంచం మీద నుంచి దించండి

మా పల్లెల్లో మనిషి పడిపోగానే నలుగురు పట్టి నవారు మంచం మీద వేస్తారు. ఒకరు అరికాళ్లు రుద్దుతారు, ఒకరు అరచేతులు, ఒకరు విసనకర్ర, ఇంకొకరు మొహం మీద నీళ్లు. అందరికీ చేతినిండా పని ఉంటుంది, గుండెకు పనికొచ్చేది ఒక్కటీ ఉండదు. నవారు మంచం మీద నొక్కితే నవారు కిందికి పోతుంది, ఛాతీ అణగదు. పరుపు మీదా అంతే. ముందు నేల మీదికి దించి వెల్లకిలా పడుకోబెట్టండి. గచ్చు అయినా, మట్టి నేల అయినా సరే, గట్టిగా ఉండాలి. మనిషి బరువుగా ఉంటే దుప్పటితో సహా లాగేయండి.

ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, ఫోన్‌ను రోగి తల పక్కన నేల మీద ఉంచాలి. జిల్లా, మండలం, ఊరు, ఆ తర్వాత గుడో బడో ఒక గుర్తు. "మనిషి పలకడం లేదు, ఊపిరి లేదు, ఛాతీ నొక్కుతున్నాం" అని ఇవే మాటలు చెప్పండి. "సీరియస్‌గా ఉంది, తొందరగా రండి" అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు, ప్రతి ఫోనూ అలాగే ఉంటుంది. ఒక కుర్రవాడిని రోడ్డు మీదికి పంపండి, రాత్రయితే చేతిలో టార్చి ఉండాలి. మీ సందు మాకు కనబడక పోగొట్టుకునే రెండు నిమిషాలు అక్కడ మిగులుతాయి. ఇంట్లో మీరు ఒక్కరే ఉంటే, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతూనే నొక్కండి.

నొక్కే పద్ధతి

ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2017లో మామూలు జనం కోసం ఇచ్చిన పద్ధతిని కోల్స్ అంటారు. అందులో నోటితో ఊదడం లేదు, ఛాతీ నొక్కడం ఒక్కటే. పెద్దవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలితే రక్తంలో అప్పటికే కొంత ప్రాణవాయువు ఉంటుంది, దాన్ని తిప్పడమే మొదటి పని. నోట్లో నోరు పెట్టాలనగానే వెనక్కి తగ్గే మన జనానికి ఇది సరైన పద్ధతి. నేను మొదట నేర్పేది ఇదే.

రోగి పక్కన, ఛాతీకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చోండి. చొక్కా గుండీలు తెంపేయండి, గొలుసులు పక్కకు జరపండి. ఒక అరచేతి మడమను ఛాతీ నడిమధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద ఆనించండి. నూటికి తొంభైమంది గుండె ఎడమవైపు ఉంటుంది కదా అని ఎడమ రొమ్ము మీద పెడతారు. అక్కడ నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి, గుండె మీద బరువు పడదు. మరీ కిందికి, పొట్ట మొదట్లోకీ జారకూడదు. రెండో చెయ్యి దాని మీద వేసి వేళ్లు పెనవేసి పైకి లేపి ఉంచండి. మోచేతులు వంచకండి. భుజాలు సరిగ్గా మీ చేతుల మీదికి రావాలి. చేతుల బలంతో కాకుండా నడుము పైభాగం బరువుతో నొక్కాలి. అప్పుడే నలభై అయిదు కిలోల అమ్మాయి కూడా ఎనభై కిలోల మనిషి ఛాతీని అణచగలుగుతుంది.

లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. అంటే రెండంగుళాల పైచిలుకు. కొత్తవాళ్లు ఎవరూ అంత లోతు నొక్కరు, నొప్పి పెడుతుందేమోనని చేతులు వెనక్కి లాగుతాయి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, చేతులు మాత్రం తీయకూడదు. వీధిలోని చేతిపంపు గుర్తుందా, పిడిని సగంలోనే ఆపి ఆపి కొడితే ధార రాదు. ఇదీ అంతే, ఛాతీ పైకి లేచినప్పుడే గుండెలోకి రక్తం చేరుతుంది.

వేగం నిమిషానికి 100 నుంచి 120. పైకి వినబడేలా లెక్కపెట్టండి. మన భాషలో పదకొండు, పన్నెండు దాటాక అంకెలు నోట్లో సాగుతాయి, చెయ్యి కూడా వాటితో పాటే నెమ్మదిస్తుంది. అందుకే నేను ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి, మళ్లీ ఒకటికి రమ్మంటాను. మొదట్లో ఫోన్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టి 110 మీద ఉంచి చెయ్యి అలవాటు చేసుకోండి.

ఛాతీలో ఏదో టక్కుమన్న శబ్దం వస్తుంది. మృదులాస్థి కదలడమో, పక్కటెముక చిట్లడమో అయి ఉంటుంది. చెయ్యి సరైన చోటే ఉందో లేదో చూసుకుని కొనసాగించండి. ఎముక నెల, రెండు నెలల్లో అతుక్కుంటుంది.

నిమిషం తిరిగేసరికి మీకు అలసట తెలియకుండానే లోతు తగ్గిపోతుంది. ప్రతి రెండు నిమిషాలకూ మనిషి మారాలి. మారేవారు ముందుగానే అవతలివైపు మోకాళ్ల మీద సిద్ధంగా ఉండాలి. మధ్యలో పది సెకన్లకు మించి ఖాళీ రాకూడదు. మాటిమాటికీ ఆపి "ఊపిరి వచ్చిందా" అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడకండి. మనిషి తనంతట తాను కదిలినా, మామూలుగా ఊపిరి తీసుకున్నా, చేత్తో మిమ్మల్ని తోసినా అప్పుడు ఆపండి. ఊపిరి నిలకడగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి చూస్తూ ఉండండి, మళ్లీ ఆగవచ్చు.

నేరేడుచర్ల దగ్గరి ఒక పల్లెలో, తెల్లవారుజామున, మేము వెళ్లేసరికి కోడలు కొంగు నడుముకు బిగించి మామగారి ఛాతీ నొక్కుతోంది. చెమట ఆమె గడ్డం మీద నుంచి ఆయన చొక్కా మీద పడుతోంది. ఎదురుగా పాలుపోసే కుర్రవాడు, తన వంతు కోసం మోకాళ్ల మీద. "ఎనిమిది, తొమ్మిది, పది, ఒకటి" అంటూనే ఉంది. నేను డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు అతికిస్తున్నా చెయ్యి ఆపలేదు, షాక్ ఇవ్వబోతూ ఆపమన్నాకే ఆపింది. రెండో షాక్‌కు నాడి దొరికింది. ఆమెకు మహిళా సంఘం సమావేశంలో ఒకపూట నేర్పారట. చుట్టూ ఉన్న ముసలివాళ్లలో ఒకరు, "మామ ఒంటి మీద చెయ్యేసి ఏమిటా పని" అని అప్పటికీ గొణుగుతూనే ఉన్నారు.

ఈ మొహమాటం గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. మామగారిని కోడలు, వదినను మరిది, టీచరమ్మను విద్యార్థి ముట్టుకోవాల్సి వస్తుంది. ఆడవాళ్లు పడిపోతే చుట్టూ ఉన్న మగవాళ్లు ఆడవాళ్లెవరైనా వచ్చే దాకా చూస్తారు. అంత సమయం లేదు. చీర కొంగును అలాగే ఉంచి, రెండు రొమ్ముల మధ్య ఎముక మీద నొక్కవచ్చు.

నోటితో ఊదక తప్పని చోట్లు

చెరువులో, కాలువలో మునిగినవాళ్లు, పాము కాటుకు ఊపిరి ఆగినవాళ్లు, చిన్నపిల్లలు. వీళ్లకు ముందు పోయింది ఊపిరి, గుండె దాని వెనక ఆగుతుంది. తల వెనక్కి వంచి, గడ్డం పైకి ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేలా ఒక్కో సెకను చొప్పున ఊదాలి. 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం లెక్క. మునిగినవాళ్లకు మాత్రం ఊదడంతోనే మొదలుపెట్టండి, రెండు నుంచి ఐదు సార్లు. బోర్లా వేసి పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం మాని నేరుగా ఈ పనిలో దిగండి. పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు లోతు చాలు. ఒక చెయ్యి సరిపోతుంది, ఏడాదిలోపు బిడ్డకు ఛాతీ చుట్టూ చేతులు పట్టి రెండు బొటనవేళ్లతోనే.

పురుగుమందు తాగినవాళ్ల నోట్లో నోరు పెట్టకండి. ఆ మందు మీకూ అంటుతుంది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని ఛాతీ మాత్రమే నొక్కండి.

కరెంటు షాక్ మా వైపు వానాకాలపు జబ్బు. తడి చేతులతో మోటారు స్టార్టర్ ముట్టుకుంటారు, చేను గట్టున పడిపోతారు. ముందు మెయిన్ ఆపాలి. ఇంటి కరెంటయితే ఎండిన కర్రతో తీగను తప్పించవచ్చు. 11 కేవీ తీగ తెగి పడితే కర్రతో కూడా దగ్గరికి పోకండి, లైన్‌మన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించాకే వెళ్లాలి. ఒకరి కోసం పోయి ఇద్దరు ముగ్గురు పోయిన పొలాలు ఉన్నాయి. పిడుగు పడిన మనిషి ఒంట్లో మాత్రం కరెంటు మిగిలి ఉండదు, ముట్టుకోవచ్చు. కొన్నిచోట్ల ఇసుకలో, పేడలో పూడ్చిపెట్టే అలవాటుంది. పూడ్చే ఆ పది నిమిషాలు ఛాతీ నొక్కితే లేచే అవకాశం ఉంటుంది.

ఆటోలో వేసుకుని పోదామా, ఉండి నొక్కుదామా

నన్ను ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే. పుస్తకాల్లో దీనికి జవాబు తేలిక: అంబులెన్సు వచ్చే దాకా అక్కడే నొక్కాలి. ఆ పుస్తకాలు రాసింది ఎనిమిది నిమిషాల్లో అంబులెన్సు వచ్చే ఊళ్లవాళ్లు. మన దగ్గర బండి అరగంట దూరంలో ఉండవచ్చు, అప్పటికే ఇంకో కేసులో ఉండవచ్చు.

నా లెక్క ఇది. ఫోన్ చేసినప్పుడే బండి ఎంత దూరంలో ఉందో అడగండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో వస్తుందంటే కదలకండి, నేల మీదే నొక్కుతూ ఉండండి. జనం వచ్చి "ఇంకా ఇక్కడే పెట్టుకున్నారేమిటి, పట్టుకుపోండి" అని అరుస్తారు. ఆ అరుపుకు లొంగి ఆటోలో కూర్చోబెడితే, తల వేలాడిపోయి, ఛాతీ నొక్కే వీలు లేక, ఆసుపత్రికి చేరేది శవమే. కూర్చోబెట్టిన మనిషికి ఛాతీ నొక్కడం ఎవరి వల్లా కాదు.

బండి రాదని, లేదా చాలా ఆలస్యమని తేలిపోతే వాహనం వెతకండి, కానీ నొక్కడం ఆపకండి. వాహనం గుమ్మం ముందుకు వచ్చి తలుపు తెరిచాకే ఎత్తాలి. కారు వెనక సీటు కంటే ట్రాలీ ఆటో నయం. వెనక ట్రాలీలో చదునుగా పడుకోబెట్టి, అటొకరు ఇటొకరు కూర్చుని నొక్కుతూ పోవచ్చు. డ్రైవర్‌కు గట్టిగా చెప్పండి, వేగం కంటే కుదుపు లేకపోవడం ముఖ్యం. వెనక మోకాళ్ల మీద ఉన్నవాళ్లు కింద పడితే ఇంకో కేసు తయారవుతుంది. ఇంత చేసినా కదిలే బండిలో నొక్కడం నేల మీద నొక్కినట్టు ఉండదు. అందుకే దగ్గరలో డీఫిబ్రిలేటర్ ఉన్న ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కోమంటున్నాను. దగ్గరని ఏదో ఒక క్లినిక్‌కి తీసుకుపోయి, అక్కడ లేదంటే మళ్లీ ఎక్కించడం కంటే ఇంకో రెండు కిలోమీటర్లు పోవడం మేలు. 108లో కూడా అడ్వాన్స్‌డ్ బండ్లలో డీఫిబ్రిలేటర్ ఉంటుంది, ప్రతి బండిలోనూ ఉంటుందనుకోకండి.

జనం ఉండే చోట గోడకు ఏఈడీ (ఎవరైనా వాడగలిగే చిన్న డీఫిబ్రిలేటర్) పెట్టె కనిపిస్తే భయపడకండి. పెద్ద విమానాశ్రయాల్లో, కొన్ని పెద్ద కార్యాలయాల్లో ఉంటుంది. మూత తెరిచి మీట నొక్కితే ఏం చేయాలో అదే చెబుతుంది. చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద అతికించాలి. అది గుండె లయ చూసుకుంటున్నప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. అవసరం లేని మనిషికి అది షాక్ ఇవ్వదు. షాక్ పడగానే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాలి.

కేసులు, నిందలు, ఆపే సమయం

"నొక్కి చంపేశావంటారేమో" అనే భయం హమాలీల దగ్గరా, టీచర్ల దగ్గరా ఒకేలా విన్నాను. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఇచ్చిన తీర్పు ఉంది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాదం కాకపోయినా, స్పృహలో లేని మనిషి మేలు కోరి సదుద్దేశంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చుట్టాల నోళ్లకు ఏ సెక్షనూ లేదు. గుండె ఆగిన మనిషి అప్పటికే చనిపోయినట్టు లెక్క, మీరు నొక్కితే అంతకంటే చెడేది ఏమీ లేదని వాళ్లకు చెప్పండి.

ఎప్పుడు మొదలుపెట్టకూడదో కూడా చెప్పాలి. ఒళ్లు బిగుసుకుపోయి చల్లబడిన మనిషిని నొక్కకండి. క్యాన్సర్ ఆఖరి దశలో ఉన్న పెద్దావిడ, ఇంట్లోనే పోతానని పిల్లలకు చెప్పి ఉంటే, ఆమె పక్కటెముకలు విరవడం సాయం కాదు. ఆ మాట డాక్టర్‌తో, ఇంట్లోవాళ్లతో ముందే తేల్చుకోండి. మిగతా అందరికీ మేము వచ్చే దాకా, లేదా మీ చేతులు పూర్తిగా పడిపోయే దాకా.

సాధనకు బొమ్మ ఉండాల్సిన పనిలేదు. పరుపును గట్టిగా చుట్టి తాళ్లతో బిగించి నేల మీద పెట్టండి. గడియారం ముందు పెట్టుకుని రెండు నిమిషాలు నొక్కి చూడండి. మొదటిసారి అందరూ నిమిషంలోనే వగరుస్తారు. ఆరునెలలకు ఒకసారి ఇంటిల్లిపాది చేస్తే చెయ్యి మరిచిపోదు. పన్నెండేళ్లు దాటిన పిల్లలను పక్కకు పంపకండి, వాళ్లే అందరికంటే త్వరగా పట్టుకుంటారు.

బండి వచ్చాక ఈఎంటీ ఆపమనే దాకా నొక్కుతూనే ఉండండి. లోపలికి వస్తూనే మేము అడిగేవి ఇవి: ఎన్ని గంటలకు పడిపోయాడు, పడిపోవడం ఎవరైనా చూశారా, ఎప్పటి నుంచి నొక్కుతున్నారు, షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా, ఏ మాత్రలు వాడుతున్నాడు. జవాబు చెప్పేది ఒక్కరే అయితే మంచిది, ఏడుగురు ఏడు రకాలుగా చెబితే ఏదీ వినబడదు. మాత్రల డబ్బా, పాత ఈసీజీ కాగితం, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఒకే కవరులో పెట్టి బీరువాలో దాచకుండా గుమ్మం దగ్గర మేకుకు తగిలించండి. నాడి వచ్చినవాళ్లకు ఆ తర్వాత ఐసీయూ, యాంజియోగ్రామ్, స్టెంటు ఉంటాయి, ఆ కాగితాలన్నీ అక్కడ అడుగుతారు. బండిలో ఒక్కరే ఎక్కండి. మిగతావాళ్లు బైకుల మీద మా వెనక పరుగులు పెట్టకుండా, ఏ ఆసుపత్రికో అడిగి తెలుసుకుని నెమ్మదిగా రండి.